నెల్లూరులో దాక్కున్న ఏలూరు

కైకలూరు ఉన్నచోటే ఉంది. పక్కనే ఆటపాక చెరువులో గూడబాతులూ ఉన్నచోటే ఉన్నాయి. కానీ 2022 ఏప్రిల్ 4న తెల్లారేసరికి వాటి చిరునామా మారిపోయింది! అంతకుముందు రోజు వరకూ అది కృష్ణా జిల్లా. ఆ రోజు నుంచీ ఏలూరు జిల్లా. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయిన రోజది.

రోడ్డు పక్క బోర్డులంటే పెయింటర్‌ను పిలిచి రాయించుకోవచ్చు. రబ్బరు స్టాంపులైతే కొత్తవి చేయించుకోవచ్చు. మరి కంప్యూటర్లలో ఉన్న పేర్ల మాటేమిటి? చేపల ఎగుమతి కంపెనీ వెబ్‌సైటు, కాలేజీ ప్రాస్పెక్టస్, పెళ్లిసంబంధాల జాబితా, కొరియర్ ఆఫీసు రికార్డు... ఎన్ని పేజీల్లో ఎన్నిసార్లు 'కృష్ణా జిల్లా' అని ఉందో! ఒక్కొక్కటే తెరిచి దిద్దుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. 'దాన్ని వెతుకు, దీన్ని పెట్టు' అని కంప్యూటరుకు చెబితే సరి. చెప్పడం ఒక్క నిమిషం పని. చిక్కల్లా ఆ తర్వాతే.

'కృష్ణా' అన్నచోటల్లా 'ఏలూరు' పెట్టమన్నారనుకోండి. జిల్లా పేరు బుద్ధిగా మారుతుంది. దాంతోపాటు కృష్ణా నది కాస్తా ఏలూరు నది అయిపోతుంది. కంపెనీ మేనేజరు కృష్ణారావు గారు... ఏలూరురావు గారు! కంప్యూటరును తిట్టి లాభం లేదు. చెప్పిన పనే అది చేసింది.

పోనీ, 'కృష్ణా జిల్లా' అని రెండు మాటలూ కలిపి వెతకమంటే? అప్పుడు నది బతుకుతుంది, కృష్ణారావు గారు బతుకుతారు. కానీ మచిలీపట్నం, గుడివాడ కూడా ఏలూరు జిల్లాలోకి వచ్చి కూర్చుంటాయి. 2022 విభజనలో కృష్ణా నుంచి ఇటు వచ్చినవి కైకలూరు, నూజివీడు వైపు మండలాలే మరి.

పశ్చిమ గోదావరి సంగతి ఇంకా తమాషా. 1925 నుంచీ దాని కేంద్రం ఏలూరే. విభజనలో ఏలూరు తన పేరుతోనే వేరే జిల్లా అయింది. తాడేపల్లిగూడెం, భీమవరం, తణుకు పాత పేరుతోనే మిగిలాయి, జిల్లా కేంద్రం మాత్రం భీమవరానికి మారింది. కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరికి వెళ్లాయి. అవి ఉన్నదేమో గోదావరికి పడమటి గట్టున! అంటే పాత రికార్డులో 'పశ్చిమ గోదావరి' అని కనిపించిన ప్రతిచోటా మూడు దారులు. ఏ దారి పట్టాలో జిల్లా పేరు చూస్తే తెలీదు, మండలం చూడాలి. పిన్‌కోడ్ చూద్దామా అంటే ఏలూరుకీ 534, తాడేపల్లిగూడేనికీ 534, కొవ్వూరుకీ 534! తపాలా శాఖ లెక్క తపాలా శాఖది.

ఇదంతా కూర్చుని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఒక జిల్లా, ధ్రువపత్రంలో ఇంకో జిల్లా పడ్డ పిల్లాడికి మాత్రం నవ్వు రాదు. తప్పు చేసింది ఎక్కడో ఉన్న ఒక్క వరుస ప్రోగ్రాము. కౌంటర్ల చుట్టూ తిరిగేది వాడి తండ్రి.

ఎన్ తీసేస్తే...

పేర్లు మార్చడంలో ఏలూరుకు పాత అనుభవమే ఉంది. తెల్లదొరల కాలంలో ఇంగ్లిషులో దాని పేరు 'ఎల్లోర్'. పాత రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించి, 'ఎల్లోర్' అన్నచోటల్లా 'ఏలూరు' పెట్టమని చెబితే ఏమవుతుందో ఊహించండి. ఇంగ్లిషులో నెల్లూరు స్పెల్లింగు చూడండి. మొదటి అక్షరం ఎన్ తీసేస్తే మిగిలేది అచ్చంగా ఎల్లోరే! తమిళనాడులోని వెల్లూరుకు ముందున్న వి తీసేసినా అంతే. అన్నీ పెద్దక్షరాల్లోనే టైపు చేసిన రికార్డయితే ఒక్క దెబ్బకు నెల్లూరూ, వెల్లూరూ రెండూ పాడవుతాయి.

తెలుగులో ఈ బాధ లేదు. పదం మొదట్లో వచ్చే 'ఏ' వేరు, 'నె'లో ఉండే ఎత్వం వేరు. లిపి మనల్ని కాపాడింది అనుకునేలోపు మరోటి ఉంది. కొల్లేటి పక్కనే కాళ్ల మండలంలో ఏలూరుపాడు అనే ఊరుంది. అది పశ్చిమ గోదావరిలోది. 'ఏలూరు' అని వెతికితే అదీ దొరుకుతుంది. అలాగే గుంటూరు జిల్లా తాడేపల్లి కోసం వెతికితే తాడేపల్లిగూడెం కూడా వచ్చి పడుతుంది.

అందుకే 'ఈ మాట వెతుకు' అంటే చాలదు. ఎలాంటి చోట, దేని తర్వాత, దేనికి ముందు, ఎంత పొడవున అని షరతులు పెట్టి చెప్పే పద్ధతి కావాలి. దానికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. ప్రోగ్రామర్లు ముద్దుగా 'రెజెక్స్' అంటారు. మాట కోసం కాక, మాట ఆకారం కోసం వెతకడం అన్నమాట.

ఆరంకెల పిన్‌కోడ్ కావాలి, 534తో మొదలవ్వాలి అనుకుంటే 534[0-9][0-9][0-9] అని రాస్తారు. చదరపు బ్రాకెట్లో ఉన్నవాటిలో ఏదో ఒకటి అని అర్థం. మధ్యలో నిలువుగీత పెడితే 'ఇదైనా అదైనా'. చుక్క పెడితే 'ఏ అక్షరమైనా సరే'. నక్షత్రం పెడితే దాని ముందున్నది ఎన్నిసార్లయినా రావచ్చు, అసలు రాకపోయినా ఫర్వాలేదు. ఇలాంటివి ఓ పది గుర్తులుంటే చాలు, చాలా పని సాగిపోతుంది. చుక్కతో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మన పత్రికల్లో రాసే 'ప.గో.' కోసం వెతకాలంటే ఆ చుక్కల ముందు వాలుగీతలు పెట్టి 'ప\.గో\.' అనాలి. లేకపోతే చుక్క స్థానంలో ఏ అక్షరమున్నా సరే అనుకుంటుంది కంప్యూటరు.

దీని పుట్టుక విచిత్రమైంది. మెదడులో నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు ఎలా పంపుకుంటాయో లెక్కల్లో చెప్పే ప్రయత్నం 1943లో జరిగింది. దాన్ని పట్టుకుని స్టీఫెన్ క్లీనీ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త 1951లో ఈ గుర్తుల భాషకు రూపమిచ్చాడు. ఆ నక్షత్రం ఆయనదే. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని కంప్యూటర్లో మాటలు వెతికేందుకు వాడి చూపించాడు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరాయన. అక్కడి నుంచి రెజెక్స్ పాకని చోటు లేదు.

కూరగాయలూ అన్నదమ్ములూ

నిజానికి తెలుగు బడిలో చదువుకున్న ఎవరికీ ఈ ఆలోచన కొత్తది కాదు. గసడదవాదేశ సంధి గుర్తుందా? చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం నుంచి నేటి పదో తరగతి పుస్తకం దాకా ఉన్నదే. క చ ట త ప అనే అక్షరాలు ఒకానొక చోట గ స డ ద వలుగా మారతాయి. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు.

ఇది అచ్చంగా 'దాన్ని వెతుకు, దీన్ని పెట్టు' సూత్రమే! [కచటతప] అన్నచోట [గసడదవ]. అయితే వ్యాకరణం గుడ్డిగా మార్చమనదు. ముందు ఇంకో పదం ఉండాలన్న షరతు పెడుతుంది. ఆ షరతు తీసేస్తే ఒంటరిగా ఉన్న తమ్ముడు 'దమ్ముడు' అయిపోతాడు. ఇంకా గొప్ప సంగతేమిటంటే వ్యాకరణం 'బహుళం' అని ఓ మాట చేరుస్తుంది. అంటే ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు. తల్లిదండ్రులు అంటాం కానీ, అక్కసెల్లెళ్లు అనం కదా. వాడుకలో ఉండే ఈ వెసులుబాటు వ్యాకర్తకు తెలుసు. వెబ్‌సైటు రాసే కుర్రాడికి తెలియకపోతేనే ప్రమాదం.

వంటింట్లో సవరణ

మనం తెరపై చూసే వెబ్‌పేజీ వెనక హెచ్‌టీఎంఎల్ అనే రాత ఉంటుంది. పేరా ఎక్కడ మొదలు, బొమ్మ ఎక్కడ, లింకు ఎక్కడికి అని చెప్పే రాత అది. ఒక్కో గుర్తునూ ట్యాగ్ అంటారు. ట్యాగ్ లోపల దాని వివరాలు చెప్పేవి యాట్రిబ్యూట్లు. తెలుగులో రాసుకుంటే ఒక బొమ్మ ట్యాగ్ ఇలా ఉంటుంది:

<బొమ్మ ఫైలు="కృష్ణా-ఆటపాక" వివరం="కృష్ణా జిల్లా ఆటపాకలో గూడబాతులు">

ఫైలు అన్నది సర్వర్లో ఆ ఫొటో దాచిన పేరు. వివరం అన్నది మామూలుగా తెరపై కనిపించదు. చూపులేనివారు కంప్యూటర్ చేత పేజీ చదివించుకుంటారు కదా, అప్పుడు ఫొటో వచ్చినచోట వారికి వినిపించేది ఆ వివరమే. కాబట్టి జిల్లా మారినప్పుడు అది మార్చకపోతే, చూసేవాళ్లకు కొత్త జిల్లా, వినేవాళ్లకు పాత జిల్లా.

ఇప్పుడు 'కృష్ణా' అన్నచోటల్లా 'ఏలూరు' అన్నారనుకోండి. వివరం సరిగ్గా మారుతుంది. ఫైలు పేరూ మారుతుంది! సర్వర్లో ఉన్న ఫొటో పేరు మాత్రం పాతదే. ఇంకేముంది... గూడబాతులు ఎగిరిపోయి, ఆ స్థానంలో ఖాళీ డబ్బా. అంటే ఒకే ట్యాగ్‌లో ఒక యాట్రిబ్యూట్‌ను మార్చాలి, దాని పక్కదాన్ని ముట్టుకోకూడదు. నిజమైన ఉద్యోగంలో తలనొప్పి అంతా ఇక్కడే.

ఈ సవరణ చేసే చోటు సాధారణంగా సర్వరే. పేజీ మన ఇంటికి రాకముందే, వంటింట్లోనే ఉప్పు సరిచూసి వడ్డించడం లాంటిది. విస్తట్లో పడ్డాక ఏం చేస్తాం! పీహెచ్‌పీ వంటి భాషల్లో ఈ పనికి రెజెక్స్ ఎప్పుడూ చేతికందేచోటే ఉంటుంది. రెండు వరుసలు రాస్తే వెయ్యి పేజీలు మారతాయి.

వివరం=".*" అని రాశాడనుకుందాం మన కుర్రాడు. అంటే వివరం అనే మాట, కోట్ గుర్తు, ఆపైన ఏవైనా అక్షరాలు, మళ్లీ కోట్ గుర్తు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ నక్షత్రానికి ఆశ ఎక్కువ. దొరికినంతా మింగుతుంది. ఒకే వరుసలో రెండు బొమ్మలుంటే మొదటి బొమ్మ కోట్ దగ్గర మొదలుపెట్టి రెండో బొమ్మ చివరి కోట్ దాకా ఒకే ముద్దగా లాగేస్తుంది. చిన్న చేపల కోసం వల వేస్తే గట్టు మీద కట్టేసిన పడవ కూడా వలలో వచ్చినట్టు. దానికీ మందుంది. చుక్కకు బదులు [^"] అని రాస్తే 'కోట్ గుర్తు తప్ప ఏదైనా' అని అర్థం. మొదటి కోట్ రాగానే ఆగుతుంది.

అక్కడితో అయిపోతుందా? ఒకరు జంట కోట్ వాడతారు, ఒకరు ఒంటి కోట్ వాడతారు. ఇంకొకరు అసలు కోట్లే పెట్టరు. ఒకరు వివరం ముందు రాసి ఫైలు తర్వాత రాస్తారు. ట్యాగ్‌ను మూడు వరుసల్లో విడగొట్టి రాసేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ హెచ్‌టీఎంఎల్‌లో తప్పు కాదు, బ్రౌజర్లు ఒప్పుకుంటాయి. ఒక్కో రకానికీ ఒక్కో అతుకు వేసుకుంటూ పోతే చివరికి ఆ రెజెక్స్‌ను రాసినవాడే చదవలేడు. పైగా పెట్టెలో పెట్టె, దానిలో మళ్లీ పెట్టె అన్నట్టు ట్యాగుల్లో ట్యాగులుంటాయి. ఎంత లోతైనా ఉండొచ్చు. అసలు సిసలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు ఆ లోతు లెక్క గుర్తుంచుకునే శక్తి లేదని 1950ల నాటి సిద్ధాంతమే తేల్చేసింది.

మధ్యయుగం మారిపోయింది

ఇవి చిన్న కంపెనీల తిప్పలే అనుకుంటే పొరపాటు. 2002లో బయటపడిన యాహూ ముచ్చట వినండి. ఈమెయిళ్ల హెచ్‌టీఎంఎల్‌లో ఎవరైనా ప్రమాదకరమైన ప్రోగ్రామును దాచి పంపుతారేమోనని యాహూ ముందుజాగ్రత్త తీసుకుంది. 'ఇవాల్' అనే ఆదేశం కనిపిస్తే దాన్ని 'రివ్యూ' అని మార్చేయమని సర్వర్లకు చెప్పింది. మంచిదే. కానీ అది విడిగా ఉన్న మాటా, ఇంకో మాటలో భాగమా అని చూడమనలేదు. ఇంగ్లిషులో మధ్యయుగాన్ని 'మెడీవల్' అంటారు. దాని స్పెల్లింగులో చివరి నాలుగక్షరాలూ సరిగ్గా ఆ ఆదేశమే! అంతే, యాహూ మెయిళ్లలో మధ్యయుగం కాస్తా 'మెడిరివ్యూ' అయిపోయింది. చరిత్ర అధ్యాపకులు పంపుకున్న మెయిళ్లలోంచి ఆ వింత మాట వెబ్‌సైట్లలోకి కూడా పాకింది. పంపినవారికి తాము సరిగ్గానే రాశామని తెలుసు. అందుకున్నవారికి అది తప్పని తెలీదు. అందుకే అంతకాలం ఎవరూ పట్టుకోలేదు.

మార్చకూడనిది మారిస్తే నవ్వులపాలు. మార్చాల్సింది జారిపోతే? 2005 అక్టోబరులో మైస్పేస్‌కు జరిగింది అదే. ఫేస్‌బుక్ కన్నా ముందు కుర్రకారును ఊపేసిన సైటది. సభ్యులు తమ పేజీలను హెచ్‌టీఎంఎల్‌తో అలంకరించుకోవచ్చు. 'జావాస్క్రిప్ట్' అనే మాట మాత్రం ఎక్కడ కనిపించినా సర్వరు తీసేస్తుంది. శామీ కంకార్ అనే 19 ఏళ్ల కుర్రాడు ఆ మాటను 'జావా' దగ్గర విరిచి, కింద వరుసలో 'స్క్రిప్ట్' అని రాశాడు. దాన్ని ఓ ట్యాగ్ లోపల, అలంకరణకు వాడే యాట్రిబ్యూట్‌లో పెట్టాడు. సర్వరు కళ్లకు అవి రెండు వేరే మాటలు. కొన్ని బ్రౌజర్లు మాత్రం రెండింటినీ కలిపి చదువుకున్నాయి! అతని పేజీ చూసినవాళ్లంతా తమకు తెలియకుండానే అతనికి మిత్రులైపోయారు. వాళ్ల పేజీలు చూసినవాళ్లు కూడా. 20 గంటల్లో 10 లక్షల మందికి పైగా! మైస్పేస్ సైటు మూసి మరమ్మతు చేసుకోవాల్సి వచ్చింది. ఆ కుర్రాడు 2007లో కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు.

మూడో రకం ఇంకోటుంది. మాట తప్పుగా మారదు, జారిపోదు... కంప్యూటరే ఆలోచనలో మునిగిపోతుంది. 2016 జులై 20న ప్రోగ్రామర్లంతా తలుపు తట్టే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటు 34 నిమిషాలు ఆగిపోయింది. వరుస చివర ఉన్న ఖాళీలను తుడిచేసే ఓ బుల్లి రెజెక్స్ కారణం. ఎవరో పెట్టిన రాతలో సుమారు 20 వేల ఖాళీలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటి తర్వాత ఇంకేదో అక్షరం ఉంది. రెజెక్స్ మొదటి ఖాళీ నుంచి చివరి దాకా వెళ్లి, 'అయ్యో, ఇది వరుస చివర కాదే' అని వెనక్కొచ్చి, రెండో ఖాళీ నుంచి మళ్లీ బయల్దేరింది. తర్వాత మూడో దాన్నుంచి... మొత్తం దాదాపు 20 కోట్ల పరీక్షలు! 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ వంతు. లక్షల సైట్లకు కాపలా కాసే సంస్థ అది. కొత్తగా పెట్టిన ఒక్క రెజెక్స్ వల్ల 27 నిమిషాలపాటు ప్రపంచం నిండా సైట్లు తెరుచుకోలేదు. ఇలా వెనక్కీ ముందుకీ తిరగనక్కర్లేని పద్ధతిని థాంప్సన్ 1968లోనే చూపించాడు. అయినా ఎక్కువ భాషలు సదుపాయాల కోసం ఆ దారి వదిలేశాయి.

మన అక్షరం మూడు ముక్కలు

తెలుగులో సైటు నడిపేవారికి ఇంకో మెట్టు ఎక్కువ. 'కొల్లేరు' అని రాస్తే మనకు మూడక్షరాలు. కంప్యూటరుకు ఎనిమిది! క ఒకటి, దాని ఒత్వం ఒకటి, ల, పొల్లు, మళ్లీ ల, ఏత్వం, ర, కొమ్ము. యూనికోడ్ లెక్క అది. 'తాడేపల్లిగూడెం' ఆరక్షరాలు, యూనికోడ్‌లో పద్నాలుగు. ఆ ఒక్కో సంకేతాన్నీ సర్వర్లో మూడేసి బైట్లుగా దాస్తారు. అంటే మన కొల్లేరు 24 బైట్ల మాట.

పీహెచ్‌పీలో రెజెక్స్ చివర 'ఇది యూనికోడ్' అని చెప్పే ఓ గుర్తు పెట్టాలి. అది మరిచిపోతే [కచటతప] అన్న బ్రాకెట్లో అది చూసేది అయిదు అక్షరాలను కాదు, విడివిడి బైట్లను. క లోంచి ఒక ముక్క పీకి పారేస్తుంది. మిగిలిన రెండు ముక్కలూ ఏ అక్షరమూ కావు. పేజీ నిండా ప్రశ్నార్థకాలున్న నల్ల వజ్రాలు కనిపించిన అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది. అందుకు ఇదో కారణం.

'మాట సరిహద్దు' అని రెజెక్స్‌లో ఓ గుర్తుంది. నెల్లూరులోని ఎల్లోర్‌ను కాపాడేది, యాహూ వాళ్లు పెట్టి ఉంటే మధ్యయుగాన్ని కాపాడేదీ అదే. మాటకు రెండు వైపులా పెడితే విడిగా ఉన్న మాటనే పట్టుకుంటుంది. ఇంగ్లిషులో చక్కగా పనిచేస్తుంది. దాన్నే 'ఏలూరు'కు పెట్టి చూడండి. పీహెచ్‌పీలో, పైథాన్‌తో వచ్చే మామూలు పరికరంలో కొమ్ము లాంటి గుణింతపు గుర్తులకు అక్షరం హోదా లేదు! ఏలూరు చివర ఉన్నది కొమ్ము. అది అక్షరం కాదు, దాని పక్కన ఉండే ఖాళీ కూడా అక్షరం కాదు. రెండూ ఒకే జాతి కాబట్టి మధ్యలో సరిహద్దు లేదు పొమ్మంటుంది. ఫలితం? 'ఏలూరు వెళ్లాడు'లో ఏలూరు దొరకదు. 'ఏలూరులో ఉన్నాడు'లో మాత్రం దొరుకుతుంది! కొమ్ము తర్వాత ల వచ్చింది కదా, అదిగో సరిహద్దు అంటుంది. విడిమాటను పట్టుకోమంటే దాన్ని వదిలేసి, అతుక్కున్న మాటను పట్టుకోవడం... ఏలూరుపాడు కూడా దొరికిపోతుందని వేరే చెప్పాలా? ఎక్కడో రాసుకున్న నియమానికి మన గుణింతం గుర్తుకు రాకపోతే ఇంతే. మన ప్రోగ్రామర్లు ఆ గుర్తును వదిలేసి, ముందూ వెనకా తెలుగు సంకేతం ఉండకూడదు అని విడిగా షరతు రాసుకుంటారు.

ఇదే పనిముట్లలాంటి వాటితో తెలుగుకు మేలు చేసినవారూ ఉన్నారు. 2000ల తొలినాళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. తెర మీద తెలుగే. లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తలకట్లూ, గుడులూ, వత్తులూ ముక్కలుగా ఉండేవి. ఒక పత్రికలో వెతికిన మాట ఇంకో పత్రికలో దొరికేది కాదు, గూగుల్‌కైతే అసలు తెలుగనే తెలిసేది కాదు. ఏ ముక్క ఏ గుర్తో పట్టికలు వేసి, వాటిని అతికి, యూనికోడ్‌గా మార్చి చూపే 'పద్మ'ను తయారుచేశారు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టిన ఆయనే. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు పద్మను తగిలించుకుంటే చాలు, పత్రిక చదువుతుండగానే అక్షరాలు మారిపోయేవి. ఎన్నో ఫాంట్లకు ఎన్నో పట్టికలు... ఎంత ఓపికో!

మరి ఆటపాక ఫొటో సంగతేం చేయాలి? అనుభవజ్ఞులు చెప్పేది ఒకటే. హెచ్‌టీఎంఎల్‌ను ఉత్త అక్షరాల వరుసగా చూడొద్దు. దాన్ని చదివి అర్థం చేసుకునే పార్సర్ అనే ప్రోగ్రాముకు అప్పజెప్పాలి. అది పేజీని చెట్టులా విడదీసి పెడుతుంది. ఇది బొమ్మ, ఇది దాని ఫైలు, ఇది దాని వివరం అని చూపుతుంది. అప్పుడు వివరాన్ని మాత్రం పట్టుకుని అందులో రెజెక్స్ వాడుకోవచ్చు. ఫైలు జోలికి పోనక్కర్లేదు. పీహెచ్‌పీలో ఈ సదుపాయం చాలాకాలంగా ఉంది. అయితే అందులోనూ మనవాళ్లకో గండం ఉంది. పేజీ యూనికోడ్‌లో ఉందని ముందే చెప్పకపోతే ఆ పాత పార్సర్ దాన్ని పశ్చిమ ఐరోపా లిపి అనుకుంటుంది. తెలుగంతా టోపీలు పెట్టుకున్న ఇంగ్లిషు అక్షరాలుగా మారిపోతుంది. లక్షల సైట్లకు ఆధారమైన వర్డ్‌ప్రెస్ కూడా ఏళ్ల తరబడి రెజెక్స్ అతుకులతోనే నెట్టుకొచ్చి, 2023 మార్చిలో విడుదల చేసిన 6.2 వెర్షన్‌లో కేవలం ట్యాగుల యాట్రిబ్యూట్లు దిద్దేందుకే ఓ ప్రత్యేక పరికరాన్ని చేర్చింది.

రెజెక్స్‌ను అటకెక్కించమని కాదు. అది లేకపోతే మామూలు రాతలో పని సాగదు. కాకపోతే మార్చే ముందు 'ఏమేం దొరికాయో చూపించు' అని జాబితా తీయించుకుని, పక్కన ఓ కాపీ దాచుకుని, తర్వాతే మార్చమనాలి. జాబితాలో కృష్ణారావు గారు కనిపిస్తే అప్పుడే నవ్వుకుని దిద్దుకోవచ్చు.

ఆ జాబితా తీయించడంలోనూ తెలుగు తెలిసినవాడికే పని సులువు. కొల్లేరు మీద రాసిన పేజీలన్నీ కావాలంటే 'కొల్లేరు' అని వెతికితే సగమే వస్తాయి. మనం కొల్లేటి లంకలు అంటాం, కొల్లేటికోట అంటాం. 'రు' పోయి 'టి' వస్తుంది. ఏలూరుకు ఏలూరి తివాచీలు, గూడేనికి గూడెం... అన్నీ ఇంతే. అందుకని కొల్లే(రు|టి) అని రాయాలి. రాసి, పాత వ్యాసాల మీద వేసి, దొరికినవన్నీ చూసుకుంటూ పోతే, ఎవరో రాసిన 'కొల్లేట్లో నీళ్లు తగ్గాయి' అన్న వాక్యం అందులో లేదని తెలుస్తుంది. మళ్లీ బ్రాకెట్ తెరిచి ఇంకో నిలువుగీత పెట్టుకోవాల్సిందే.